తెలుగు వికీలో ఊరి పేజీల సంరక్షణ

శ్రోతలకు నమస్కారం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అందులోని ఊళ్ళ పేజీల్లో రాసింది చెడిపోకుండా చూసుకోవడమెలాగో ఇవాళ చెప్పుకుందాం.

2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట చేరి 33కు పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. దాంతో వేల ఊళ్ళ పేజీల్లో జిల్లా పేరు పాతబడింది. అన్నిటినీ చేత్తో మార్చలేం కనుక బాటు అనే ప్రోగ్రాముకు అప్పగిస్తారు. చిక్కంతా అక్కడే. "వరంగల్ జిల్లా" ఉన్నచోటల్లా "జనగామ జిల్లా" పెట్టమంటే అది కళ్ళు మూసుకుని పెట్టేస్తుంది. 2011 జనగణన నాటికి జనగామ జిల్లాయే లేదు. అయినా పేజీలోని ఆ జనగణన లెక్కలు జనగామ జిల్లావే అన్నట్టు వాక్యం తయారవుతుంది. బొమ్మ ఫైలు పేరులో ఆ మాటుంటే అదీ మారిపోయి, బొమ్మకు బదులు, లేని ఫైలును చూపే ఎర్ర లింకు మిగులుతుంది.

అందుకని మార్పును పేజీ పక్కన ముఖ్య వివరాలు చూపే సమాచారపెట్టెకు, మొదటి వాక్యానికి పరిమితం చెయ్యాలి. ముందు ఓ పది పేజీల మీద నడిపి, ఒక్కొక్కదాని తేడా చూశాకే మిగతావాటి మీదికి వదలాలి. ఊరు ఇదివరకు ఏ జిల్లాలో ఉండేదో చెప్పే వాక్యం మాత్రం పేజీలో ఉండి తీరాలి. పాత దస్తావేజుల్లో ఊరిని వెతికేవారికి అదే ఆధారం.

ఇక రోజువారీ కాపలా "ఇటీవలి మార్పులు" పేజీలో. ఒక ఊరి జనాభా 3,412 నుంచి 34,120 అయిందనుకోండి. "తేడా" నొక్కితే పాత కూర్పు, కొత్త కూర్పు పక్కపక్కన కనబడతాయి. జనగణన అంకెతో పోల్చి, తప్పయితే రద్దు చేసి, దిద్దుబాటు సారాంశంలో కారణం రాయండి. మార్చినవారిని మాత్రం ఏమీ అనకండి, సొంతూరి మీద మమకారంతో వచ్చిన కొత్తవారు కావచ్చు. అదే మార్పు మళ్ళీ వస్తే పోటాపోటీగా రద్దు చేస్తూ కూర్చోక చర్చ పేజీలో అడగండి. అక్కడా తేలకపోతే వికీలో అందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలో పెట్టండి.

పేజీ పేరు మార్చాల్సివస్తే "తరలించు" వాడాలి. పాఠ్యాన్ని కాపీ చేసి కొత్త పేజీలో అతికిస్తే ఎవరు ఏం రాశారన్న చరిత్ర పాత పేజీలోనే ఉండిపోతుంది. రాసినవారికి పేరు దక్కాలన్న లైసెన్సు షరతూ తప్పినట్టే. తరలించాక "ఇక్కడికి లింకున్న పేజీలు" తప్పక చూడండి. ఒక దారిమార్పు, అంటే పాఠకుణ్ణి వేరే పేరుకు పంపే పేజీ, ఇంకో దారిమార్పుకు పోతుంటే వికీ మొదటిదాన్ని దాటి రెండోదాని దగ్గర ఆగిపోతుంది, పాఠకుడికి వ్యాసం దొరకదు. అలాంటివాటిని నేరుగా కొత్త పేరుకే కలపాలి. సెలవు.