వడ్డించేవాడు మనవాడైతే

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న మిత్రులకు నమస్కారం.

పదవీ విరమణ చేసినవాణ్ని మాట్లాడమని పిలిస్తే ఒక చిక్కుంది. ఇక నన్ను ఎవరూ బదిలీ చేయలేరు, ఇంక్రిమెంటు ఆపలేరు. అందుకని ధైర్యం కాస్త ఎక్కువగా వస్తుంది. ఇవాళ నేను చెప్పబోయే మాటల్లో సగం కూడా ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పైకి అనలేదు. అది దృష్టిలో పెట్టుకుని వినండి.

మన బ్యాంకు శాఖల్లో "అతను పెద్దాయన మనిషి" అంటే చాలు, ఇంకేమీ వివరించనక్కరలేదు. అతని సెలవు చీటీ పొద్దున ఇస్తే మధ్యాహ్నానికి మంజూరవుతుంది. అతనికి బదిలీ వచ్చినా అదే ఊళ్లో ఇంకో వీధికి వస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటేనని మన పెద్దలు ఊరికే అనలేదు. మొదటి పంక్తిలో కూర్చుని ఖాళీ విస్తరి చూసుకునేవాడి గురించి మాత్రం సామెత ఏమీ చెప్పలేదు. ఈ హాలులో ఉన్నది ఎక్కువగా వాళ్లేనని మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది.

నేను చిన్న అధికారిగా ఉన్నప్పుడు ఒక మార్చి నెలలో మా శాఖకు పై అధికారి సమీక్షకు వచ్చారు. బల్ల మీద జీడిపప్పు పళ్లెం, ఆయన చేతిలో టార్గెట్ల కాగితం. ఒక్కొక్కరినీ నిలబెట్టి అడుగుతున్నారు. పంట రుణాలు చూసే అధికారి వంతు వచ్చింది. ఆయన ఊళ్లన్నీ తిరిగిన మనిషి. "సార్, ఈ ఏడు పత్తి పోయింది. మూడు గ్రామాల్లో వసూలు కాదు. గడువు పెంచమని రాద్దాం" అన్నారు. పెద్దాయన తలెత్తకుండానే, "కాదు అనేవాళ్లు నాకు వద్దు" అన్నారు. వెంటనే పక్క కుర్చీలోంచి ఆయన మనిషి, "అవుతుంది సార్, నేను చూసుకుంటాను" అన్నాడు.

అయింది కూడా. ఎలాగో మీకు చెప్పాలా? పాత అప్పు తీరినట్టు రాసి, అదే రోజు అదే రైతు పేరున వడ్డీతో కలిపి కొత్త అప్పు రాశారు. మనం ముద్దుగా బుక్ అడ్జస్ట్‌మెంట్ అంటామే, అది. ఒక్క రూపాయి చేతులు మారలేదు. వసూళ్లలో మా శాఖకు మెచ్చుకోలు వచ్చింది, ఆ మనిషికి ప్రమోషన్ వచ్చింది. ఊళ్లు తిరిగిన అధికారికి జూన్‌లో బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాత మా శాఖలో ఎవరూ పై అధికారికి పంట పోయిందని చెప్పలేదు. వర్షం పడలేదని కూడా చెప్పలేదు.

ప్రమోషన్ పోగొట్టుకున్నవాడి బాధ పెద్దదే. దానికంటే పెద్ద నష్టం ఈ మౌనం. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సంగతి మీలో చాలామంది చదివే ఉంటారు. ఖాతాదారులు అడగకుండానే వాళ్ల పేరున లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచినందుకు 2016 సెప్టెంబరులో ఆ బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికి కొన్నేళ్లుగా ఇంటికి పంపిన ఉద్యోగులు సుమారు 5,300 మంది. ఎక్కువగా కౌంటర్లలో, శాఖల్లో పనిచేసేవాళ్లే. ఒక్కో ఖాతాదారుడికి ఎనిమిది పథకాలు అంటగట్టాలన్న టార్గెట్ మాత్రం పైనుంచి వచ్చింది.

మరుసటి ఏడాది ఆ బ్యాంకు డైరెక్టర్లే విచారణ జరిపించి నివేదిక బయటపెట్టారు. శాఖల విభాగానికి అధిపతిగా ఉన్న క్యారీ టోల్‌స్టెడ్‌ను తప్పించమని 2015 చివర్లోనే ఇద్దరు డైరెక్టర్లు ముఖ్య కార్యనిర్వహణాధికారి జాన్ స్టంఫ్‌కు సూచించారట. ఆయన వినలేదు. ఆయన దృష్టిలో ఆమె అమెరికా మొత్తం మీద మేటి బ్యాంకరు. ఎన్నో ఏళ్లు కలిసి పనిచేసిన మనిషి. నాకు ఆ నివేదిక సంగతి చదువుతుంటే మా జీడిపప్పు పళ్లెం గుర్తుకొచ్చింది. 2016 అక్టోబరులో స్టంఫ్ కూడా పదవి వదులుకోక తప్పలేదు, అది వేరే మాట.

మరి మనం ఏం చేయాలి? మంచి అధికారి రావాలని మొక్కుకోవడం ఒక పద్ధతి. మా తరం అదే చేసింది. నేను చెప్పేది వేరు. అధికారి మంచివాడైనా కాకపోయినా, మన పనితీరు మీద ఆయన ఏటా రాసే నివేదిక మన కంటపడాలి.

దేవ్ దత్ అని సరిహద్దు రోడ్లు వేసే సర్వీసులో ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉండేవారు. ప్రమోషన్‌కు వరుసగా ఐదేళ్లు "వెరీ గుడ్" ఉండాలి. 1993-94 సంవత్సరానికి ఆయనకు "గుడ్" వేశారు, చెప్పలేదు. తన కింది వాళ్లు తనను దాటిపోయారు. చెడ్డ మాట రాస్తేనే ఉద్యోగికి చెప్పాలి, "గుడ్" చెడ్డ మాట కాదు కదా అని ప్రభుత్వం వాదించింది. మంచి మాటతో మెడ కోయడం అంటే ఇదే. 2008లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చి, ఏ మాట రాసినా ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని చెప్పింది. తీర్పు వచ్చేసరికి ఆయన పదవీ విరమణ చేసేశారు. 2009 మే నెలలో కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల వార్షిక నివేదికను పూర్తిగా చూపించాలని, అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజులు ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. మీకు చూపించిన నివేదిక మీద చదవకుండా సంతకం పెట్టేవాళ్లు ఈ హాలులో ఎంతమంది? చేతులెత్తనక్కరలేదు.

ఇంకొక్కటి చెప్పి దిగిపోతాను. ఇది నా సంగతి. నేను శాఖ మేనేజరుగా ఉన్నప్పుడు నాకూ ఒక మనిషి ఉండేవాడు. రోజూ రైలు దిగగానే స్టేషన్ బయట మోటారు సైకిలుతో నిలబడేవాడు. దారి పొడుగునా శాఖ కబుర్లు చెప్పేవాడు. అతను చురుకైనవాడని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. అతనికి మార్కులు వేసేటప్పుడు పక్షపాతం చూపిస్తున్నానన్న ఆలోచనే రాలేదు. అదే రోజు, అదే కలంతో, పింఛన్ల కౌంటరులో పనిచేసే అమ్మాయి ఫారం మీద "చొరవ తక్కువ" అని రాశాను. ఆమె వేలిముద్ర సరిగా పడని ముసలివాళ్ల వేళ్లు తడిగుడ్డతో తుడిచి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి డబ్బు ఇప్పించి పంపేది. నాతో మాత్రం పని ఉంటే తప్ప మాట్లాడేది కాదు.

ఆ రోజుల్లో మా దగ్గర ఫారం చూపించే పద్ధతి లేదు. చూపించాలనే నియమం ఉంటే ఆ మాట రాసేవాణ్నా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. రాసేవాణ్ని కాదు. ఆమె బల్ల నా గది తలుపుకు పది అడుగుల దూరంలో ఉండేది.