మిమ్మల్ని వెతికేవాళ్ళకి మీరు దొరకాలి

(ఆత్రేయపురం పూతరేకుల తయారీదారులు, దుకాణదారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. పొయ్యి దగ్గర పని ఆపుకొని వచ్చిన అక్కలకి, షాపు ఇంట్లోవాళ్ళకి అప్పజెప్పి వచ్చిన అన్నలకి ధన్యవాదాలు. పని వదిలి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

శనివారం వాడపల్లి వెంకన్న దగ్గరికి వచ్చే జనం మీ అందరికీ తెలుసు. ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. దర్శనం అయ్యాక కారెక్కి, ఇంటికి పూతరేకులు పట్టుకెళ్దామని ఫోన్ తీస్తారు. మ్యాప్‌లో ‘పూతరేకులు’ అని కొడతారు. నాలుగైదు షాపులు కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఎంచుకుని బండి అటు తిప్పుతారు. ఆ నాలుగైదింటిలో మీ పేరు లేకపోతే మీరు ఎంత మంచి నెయ్యి వాడినా ఆ కుటుంబానికి తెలిసే దారి లేదు.

ఆన్‌లైన్ మార్కెటింగ్ అనగానే చాలామందికి లక్షల వ్యూస్, వైరల్ వీడియోలు గుర్తొస్తాయి. మన స్థాయి వ్యాపారానికి అది మొదటి పని కాదని నా గట్టి నమ్మకం. కొనాలనుకుని, జేబులో డబ్బు పెట్టుకుని, మీలాంటివాళ్ళ కోసం ఈ నిమిషాన వెతుకుతున్న మనిషి ఉన్నాడు. ముందు అతనికి దొరకండి. అతను అడిగినదానికి జవాబు చెప్పండి. ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ కొనేలా చూసుకోండి. ఈ మూడింటికీ పైసా కట్టక్కర్లేదు. రోజూ కాస్త సమయం మాత్రం పెట్టాలి.

మొదటిది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2014లో గూగుల్ మై బిజినెస్ అనే పేరుతో మొదలైంది, 2021 చివర్లో పేరు మార్చారు. ఇది పూర్తిగా ఉచితం. మ్యాప్‌లో మీ షాపు, ఫోన్ నంబరు, పనివేళలు, ఫొటోలు కనిపించేది దీనివల్లే. కొన్ని షాపులు యజమాని పెట్టకుండానే మ్యాప్‌లో ఉంటాయి. ఎవరో కస్టమర్ చేర్చి ఉంటారు. అలా ఉంటే కొత్తది తెరవకండి. అదే మీదని క్లెయిమ్ చేసుకోండి. ఒకే షాపుకి రెండు ఎంట్రీలు ఉంటే రివ్యూలు సగం అటు, సగం ఇటు పోతాయి.

షాపు మీదేనని గూగుల్‌కి రుజువు చూపించాలి. ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీయాలి. వీధి, పక్క షాపులు, మీ బోర్డు కనపడాలి. తర్వాత లోపల సరుకు చూపించాలి. మీరే యజమాని అని తెలిసేలా షట్టర్ తాళం తీయడమో, కౌంటర్ లోపలికి వెళ్ళడమో చూపించాలి. మనుషుల ముఖాలు, బ్యాంకు కాగితాలు చూపించాల్సిన పని లేదు.

పేరు దగ్గర చాలామంది తొందరపడతారు. బోర్డు మీద ఏ పేరుందో అదే పెట్టాలి. ‘బెస్ట్ పూతరేకులు, స్వచ్ఛమైన నెయ్యి, ఆన్‌లైన్ డెలివరీ’ అని తోక తగిలిస్తే గూగుల్ నిబంధనలకి విరుద్ధం. పోటీవాళ్ళు ఒక్క ఫిర్యాదు చేస్తే ప్రొఫైల్ ఆగిపోవచ్చు. చెప్పాలనుకున్నవన్నీ వివరణలో రాసుకోండి, దానికి 750 అక్షరాల చోటు ఇచ్చారు. బెల్లం రేకులు, పంచదార రేకులు, డ్రై ఫ్రూట్ రేకులు, ఏమేం చేస్తారో అన్నీ రాయండి. తెలుగులోనూ రాయండి, ఇంగ్లీషులోనూ రాయండి. హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుతారు, వాళ్ళ నాన్నగారు మైకు నొక్కి తెలుగులో అడుగుతారు.

ఎవరి షాపు పైన చూపించాలో గూగుల్ మూడు విషయాలు చూసి తేలుస్తుంది. వెతికినదానికి మీ షాపు ఎంత సరిపోతుంది, వెతికే మనిషికి ఎంత దగ్గర, మీకు ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు, మిగతా రెండూ చాలావరకు ఉన్నాయి. డబ్బు కడితే ఈ వరుసలో పైకి తెస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. ప్రకటనలు వేరు, వాటి పక్కన స్పాన్సర్డ్ అని రాసే ఉంటుంది.

పనివేళల గురించి ఒక్కమాట. శనివారం మీరు తెల్లవారకముందే తీస్తారు. ప్రొఫైల్‌లో మాత్రం పొద్దున్న తొమ్మిదికి తెరుస్తామని ఉంటుంది. ఎనిమిదింటికి వెతికినవాళ్ళకి ‘మూసి ఉంది’ అని ఎర్ర అక్షరాల్లో కనపడుతుంది, వాళ్ళు పక్క షాపుకి పోతారు. శనివారానికి వేరే వేళలు, సంక్రాంతికి ప్రత్యేక వేళలు పెట్టుకునే వీలుంది. ఈ రాత్రికే సరిచేసుకోండి.

షాపు లేకుండా ఇంట్లోనే రేకులు తీసే అక్కలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు ఒక నియమం తెలియాలి. కస్టమర్ మీ ఇంటికి వచ్చి తీసుకెళ్ళినా, మీరే వెళ్ళి ఇచ్చినా ఈ ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. ఇంటి అడ్రస్ అందరికీ కనపడటం ఇష్టం లేకపోతే దాన్ని దాచి, ఏయే ఊళ్ళకి ఇస్తారో మాత్రం చూపించుకోవచ్చు. కొరియర్ తప్ప మనిషిని కలవడం అనేదే లేకపోతే గూగుల్ ఒప్పుకోదు. అలాంటివాళ్ళకి వాట్సాప్ సరైన దారి, దాని దగ్గరికి వస్తాను.

అంతకన్నా ముందు రివ్యూల సంగతి చెప్పాలి. ‘మీకు ఎంత పేరుంది’ అని గూగుల్ చూస్తుందన్నానే, ఆ పేరు పెరిగేది ఇక్కడే. రివ్యూ అడగడానికి మంచి సమయం, కస్టమర్ రేకు రుచి చూసి ‘బాగుందండీ’ అని ఫోన్‌పే కొడుతున్న క్షణం. ఫోన్ చేతిలోనే ఉంటుంది. మీ ప్రొఫైల్‌లో రివ్యూలు అడిగే చోట లింకుతో పాటు క్యూఆర్ కోడ్ కూడా దొరుకుతుంది. దాన్ని ప్రింట్ తీసి పేమెంట్ క్యూఆర్ పక్కనే అతికించండి. ‘మీకు నచ్చినా నచ్చకపోయినా రెండు మాటలు రాయండమ్మా’ అని నోటితో అడగండి. ఐదు స్టార్లు ఇస్తే డబ్బా మీద డిస్కౌంట్ అనకూడదు, గూగుల్ దాన్ని నిషేధించింది. బంధువుల చేత, స్నేహితుల చేత రాయించడం ఇంకా చెడ్డది. కొనని మనిషి రాసిన రివ్యూ అబద్ధం. దాన్ని నమ్మి వచ్చినవాళ్ళని మనం మోసం చేసినట్టే.

మరి చెడ్డ రివ్యూ వస్తే? మన సరుకు సున్నితమైనది. కొరియర్‌లో విరుగుతుంది. ఎవరో ఒకరు ఇలా రాస్తారు: ‘రేకులన్నీ పొడిపొడిగా వచ్చాయి, డబ్బులు దండగ.’ ఒక స్టార్. చూడగానే గుండె మండుతుంది. ‘మేం బాగానే ప్యాక్ చేశాం, కొరియర్ వాళ్ళ తప్పు’ అని రాయాలనిపిస్తుంది. ఆగండి. కాస్త చల్లబడ్డాక ఇలా రాయండి: ‘పండక్కని తెప్పించుకుంటే ఇలా అయింది, క్షమించండి. రేకులు కదలకుండా ఇప్పుడు డబ్బాలో అన్ని వైపులా మెత్తటి అట్ట పెడుతున్నాం. మీ ఆర్డర్ వివరాలు మా వాట్సాప్‌కి పంపితే కొత్త డబ్బా పంపిస్తాం.’ రాసింది నిజంగా చేయాలి. ఆ జవాబు చదివేది అతనొక్కడే కాదు. రేపు బెంగళూరు నుంచి ఆర్డర్ పెడదామా వద్దా అని ఆలోచించే ఇల్లాలు ముందు చూసేది ఒక స్టార్ రివ్యూలనే. విరిగితే ఈ షాపువాళ్ళు పట్టించుకుంటారని ఆమెకి అక్కడే తెలుస్తుంది.

ఇక వాట్సాప్ బిజినెస్. ఇది మామూలు వాట్సాప్ కాదు, విడిగా ఉచిత యాప్, 2018లో వచ్చింది. ఒక నంబరు ఒకసారికి ఒక యాప్‌లోనే పనిచేస్తుంది. అందుకే షాపుకి వేరే నంబరు పెట్టుకోమంటాను. షాపులో ల్యాండ్‌లైన్ ఉంటే దాంతో కూడా తెరవచ్చు, కోడ్ ఫోన్ కాల్‌లో చెబుతారు. ఇంటి గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్య ఆర్డర్ మునిగిపోవడం మీ అందరికీ అనుభవమే.

ఈ యాప్‌లో కేటలాగ్ ఉంటుంది. ఒక్కో రకానికి ఫొటో, ధర, వివరం పెట్టుకోవచ్చు. ధర దాచకండి. చాలామంది ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అంటారు. అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయేవాళ్ళు ఎంతమందో మనకి ఎప్పటికీ తెలియదు. క్విక్ రిప్లై అని ఇంకోటుంది. రోజూ అందరూ అడిగే ప్రశ్నకి జవాబు ఒకసారి రాసి దాచుకుంటే, స్లాష్ గుర్తు కొట్టి పిలుచుకోవచ్చు. అందులో ఏముండాలంటే: డబ్బాలో ఎన్ని రేకులు, బెల్లమా పంచదారా, ఏ నెయ్యి, డబ్బా ధర, కొరియర్ ఖర్చు ఎవరిది, ఏ రోజు పంపుతారు, ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది. ఈ ఏడూ మొదటి మెసేజ్‌లోనే చెప్పేస్తే బేరం అక్కడికక్కడే తెగుతుంది. దాంతోపాటు మీ 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు కూడా పెట్టండి. ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గర తినే వస్తువు కొనేటప్పుడు ఆ నంబరు చూస్తే ధైర్యం వస్తుంది.

ఒకే మెసేజ్ చాలామందికి ఒకేసారి పంపడానికి వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఉంటుంది, అందులో 256 మంది వరకు చేర్చుకోవచ్చు. కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. కాబట్టి డబ్బా ఇచ్చేటప్పుడే ‘మా నంబరు సేవ్ చేసుకోండి, పండక్కి ముందు చెబుతాం’ అనండి, ఇష్టమైనవాళ్ళనే చేర్చండి. అడగని వాళ్ళకి పంపితే బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడతారు, అలాంటివి ఎక్కువైతే నంబరే పోతుంది. రోజూ పంపకండి. సంక్రాంతి ముందు, ఆషాఢం సారెల ముందు, పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందు, అంతే. ‘సంక్రాంతి ఆర్డర్లు ఫలానా తేదీ వరకే తీసుకుంటాం’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. సారెకి డబ్బాలు కావాల్సిన తల్లి ఆ మాట కోసమే చూస్తూంటుంది.

వీడియోల గురించి కూడా చెప్పమని అడిగారు. మీరు చేసే పని లోకంలో చాలా కొద్దిమంది చూసి ఉంటారు. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, జయ బియ్యం పిండిలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డ కుండ మీద పరిచి లాగగానే పొగలాంటి రేకు నిలబడుతుంది. పక్కనుంచి చూస్తే అవతలి వెలుగు కనపడుతుంది. దీనికి ఫిల్టర్లు, ఎడిటింగ్ ఏమీ అక్కర్లేదు. ఫోన్ నిలువుగా పట్టుకుని, పొద్దుటి వెలుగులో, కుండకి దగ్గరగా, ఇరవై సెకన్లు తీయండి. మొదటి రెండు సెకన్లలోనే గుడ్డ లాగడం కనపడాలి. సినిమా పాట పెట్టకండి. ఇన్‌స్టాగ్రామ్ బిజినెస్ ఖాతాలకి చాలా పాటలు వాడుకునే హక్కు ఉండదు. తడి గుడ్డ తగిలినప్పుడు కుండ చేసే చుయ్‌మనే చప్పుడు పాటకన్నా బాగుంటుంది. అదే వీడియోని ఇన్‌స్టా రీల్‌గా, యూట్యూబ్ షార్ట్‌గా, వాట్సాప్ స్టేటస్‌గా, గూగుల్ ప్రొఫైల్‌లో కూడా పెట్టుకోండి. కింద ఊరి పేరు, వాట్సాప్ నంబరు మరవకండి.

షాపుల యజమానులకి ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ వీడియోలో కనపడే చేతులు రేకులు తీసే ఆడవాళ్ళవి. గంటలకొద్దీ ఆ వేడి దగ్గర కూర్చుని పనిచేసేది వాళ్ళు. ముందు వాళ్ళని అడగండి. ముఖం వద్దంటే చేతులే తీయండి. వీడియో వల్ల ఆర్డర్లు పెరిగితే రేకుకి ఇచ్చే కూలి కూడా పెంచండి. వాళ్ళ పని చూపించి గిరాకీ తెచ్చుకుంటూ కూలి పాత లెక్కనే ఇవ్వడం న్యాయం కాదు.

మీ దగ్గర ఇంకెవరి దగ్గరా లేని బలం ఒకటుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదేనని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది మీ సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం పేరున నమోదైంది. సంఘానికి వచ్చింది కదా అని ఊరుకోకుండా, ఎవరికి వారు ఆ గుర్తింపు వాడుకునే హక్కున్న అధీకృత వాడకందారుగా నమోదు చేసుకోండి. ఆ తర్వాత డబ్బా మీద, కేటలాగ్‌లో, గూగుల్ వివరణలో ఆ సంగతి ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఎక్కడో మెషిన్ మీద తయారుచేసి ఈ ఊరి పేరు అంటించేవాళ్ళకీ మీకూ తేడా కొనేవాళ్ళకి కనపడాలంటే ఇది కావాలి.

కొన్ని జాగ్రత్తలు. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ లిస్టింగ్ రేపటితో ఆగిపోతుంది, ఫీజు కట్టండి’ అని ఫోన్లు వస్తాయి. ప్రొఫైల్ ఉంచుకోవడానికి గూగుల్ ఫీజు తీసుకోదు. ఫోన్ పెట్టేయండి. వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోండి, నంబరు దొంగల చేతికి పోతే మీ కస్టమర్లందరికీ మీ పేరుతో డబ్బు అడుగుతూ మెసేజ్‌లు వెళ్తాయి. ప్రొఫైల్ తెరిచేది మీ సొంత జీమెయిల్‌తోనే, సాయం చేసిన కుర్రాడి జీమెయిల్‌తో వద్దు. అతను ఊరు మారితే మీ షాపు తాళం అతని దగ్గరే ఉండిపోతుంది.

ఉచితంగా ఇచ్చేవాళ్ళు ఎప్పుడైనా ఆపేయవచ్చని కూడా గుర్తుంచుకోండి. గూగుల్ ఈ ప్రొఫైల్‌తో పాటు ఉచిత వెబ్‌సైట్ ఇచ్చేది. 2024 మార్చిలో మూసేసింది. డబ్బాల మీద ఆ అడ్రస్ అచ్చు వేయించుకున్నవాళ్ళు మళ్ళీ అచ్చు వేయించాల్సి వచ్చింది. అందుకని డబ్బా మీద మారనిది, అంటే మీ ఫోన్ నంబరు, పెద్ద అక్షరాల్లో వేయించండి. కస్టమర్ల పేర్లు, నంబర్లు, ఊరు, ఏ రకం కొన్నారో, ఏ పండక్కి కొన్నారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. యాప్ ఏదైనా మారవచ్చు, ఆ పుస్తకం మీదే.

అన్నీ ఒకేసారి వద్దు. ఈ వారం గూగుల్ ప్రొఫైల్, పనివేళలు, ఫొటోలు, రివ్యూ క్యూఆర్. అది కుదురుకున్నాక వాట్సాప్ కేటలాగ్. వీడియోలు తర్వాత. ఇప్పుడు ఫోన్లు తీసి మ్యాప్‌లో మీ షాపు పేరు కొట్టి చూడండి. కనపడనివాళ్ళు, రెండుసార్లు కనపడేవాళ్ళు, ఫోన్ నంబరు తప్పుగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి. ముందు వాళ్ళవి చూద్దాం. వీడియో రుజువు మాత్రం మీ షాపు ముందే తీయాలి, దానికి సాయంత్రం మా పిల్లలు మీ దగ్గరికే వస్తారు.