మొక్కల లాయరు, పాల క్యాలెండర్

నమస్కారం అండీ. మొన్న ఆదివారం విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజార్లో వంకాయలు ఏరుకుంటుంటే మా పాత వీధి పిన్నిగారు కనిపించారు. "ఏమయ్యా, నువ్వు మొక్కల లాయరువట కదా, మా అపార్ట్‌మెంట్లో వేపచెట్టు కొట్టేస్తామంటున్నారు, వచ్చి ఆపకూడదూ?" అన్నారు. తోటకూర కట్టలు కడుతున్న ఆవిడ కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను గానీ పిన్నిగారు అడిగిందాంట్లో తప్పేం లేదు, చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి ఉండాలి, ఆ మాటే చెప్పాను. కానీ నేను రోజూ చేసే పని చెట్లది కాదు. గెడ్డలు (మా వైపు వాగుల్ని అలాగే అంటాం), బోర్లు, పొగ గొట్టాలు, సముద్రం ఒడ్డున కట్టేవి, కొండల మీద తవ్వేవి, వీటి మీద కేసులు. నల్లకోటు వేసుకుని జడ్జిగారి ముందు బల్ల గుద్ది వాదించడమే ఈ పని అని చాలామంది అనుకుంటారు. అది నెలకి ఓ పావుగంట ఉంటే ఎక్కువ. మిగతాదంతా సీసాలు, తేదీలు, కాగితాలు.

సీసా గురించే చెప్తాను. ఆ మధ్య ఒక పెద్దాయన వచ్చాడు, భార్యతో కలిసి, రెండు బస్సులు మారి. ఊరి పేరూ ఫ్యాక్టరీ పేరూ చెప్పను, కేసు నడుస్తోంది. సంచీలోంచి కూల్ డ్రింక్ సీసా తీసి నా బల్ల మీద పెట్టాడు. సగం దాకా గోధుమరంగు నీళ్ళు, పైన నురగ కట్టి ఆరిపోయిన చార. మూత తిప్పగానే మా జూనియర్ లేచి కిటికీ తీశాడు. "నాలుగు రోజుల కిందట పట్టేను బాబూ, మా గెడ్డలో నీల్లు. ఇవి కోర్టులో చూపిస్తే సాలదేటి?" అన్నాడాయన.

చాలదు. అది చెప్పడమే ఈ పనిలో అన్నిటికంటే కష్టం. అవతలి లాయరు ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు, ఈ సీసాలో అంతకుముందు ఏముంది అని. అడుగున నాలుగు చుక్కల కూల్ డ్రింక్ మిగిలి ఉన్నా ఆ పంచదారకి బీఓడీ లెక్క మారిపోతుంది (నీళ్ళలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే లెక్కది). పైగా నీళ్ళని ఐసులో పెట్టి ఒకటి రెండు రోజుల్లోపు ల్యాబ్‌కి చేర్చాలి గానీ సంచీలో నాలుగు రోజులు ఉంచితే ఎలా? ఆ నీళ్ళు ఆ గెడ్డవే అని ఎవరు సంతకం పెట్టారు?

1974 నాటి నీటి కాలుష్య చట్టంలో సెక్షన్ 21 అని ఒకటుంది. కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళు, అంటే మనం పీసీబీ అనేవాళ్ళు, ఫ్యాక్టరీ వదిలే నీళ్ళు పట్టాలంటే అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి, ఫ్యాక్టరీ మనిషి ఎదురుగా ఆ నీళ్ళని రెండు భాగాలు చెయ్యాలి, రెండు సీసాలకీ గుర్తులు వేసి సీలు కొట్టాలి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఇందులో ఒక్కటి తప్పినా ఆ రిపోర్టు సాక్ష్యంగా పనికిరాదని చట్టమే చెబుతోంది. నేను చూసిన ఒక తనిఖీలో కాలువలో నీళ్ళు గంటలో పట్టేశారు గానీ సీసా మెడకి దారం చుట్టి, లక్క కరిగించి సీలు వేసి, సంతకం పెట్టవలసిన మేనేజరుగారు భోజనం నుంచి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం మూడున్నర. సముద్రపు గాలికి కొవ్వొత్తి రెండుసార్లు ఆరిపోయింది. ఎంత పెద్ద కేసయినా ఆ కొవ్వొత్తి దగ్గరే నిలబడుతుంది, లేదా అక్కడే కూలిపోతుంది. తర్వాత ఎంత ఇంగ్లీషు మాట్లాడినా దండగే.

సరే, సీసా పక్కన పెట్టి ఆయన్ని తేదీ అడిగాను. ఈ నురగ మొదటిసారి ఎప్పుడు చూశారు? "సంకురాత్రికి ముందో, ఎనకో." నాకు టెన్షన్ మొదలైంది. ఎందుకంటే మేం వెళ్ళేది పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కి, మనకి చెన్నై బెంచి. 2010 చట్టం సెక్షన్ 14 కింద సమస్య మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలల్లో వెయ్యాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు, ఆపైన ఒక్క రోజు కూడా లేదు. 'మొదట' అన్న మాట చూడండి, రోజూ వదులుతున్నారు కాబట్టి రోజూ కొత్త కారణమే అని వాదించొచ్చు గానీ నేనైతే ఆ వాదన నమ్ముకుని కేసు వెయ్యను. నష్టపరిహారానికి మాత్రం సెక్షన్ 15 కింద 5 ఏళ్ళ గడువుంది. ప్రాజెక్టుకి ఇచ్చిన పర్యావరణ అనుమతి మీద అప్పీలుకైతే 30 రోజులే, మహా అయితే ఇంకో 60. అందుకే మా దగ్గరికి ఎవరొచ్చినా ముందు కన్నీళ్ళు కాదు, తేదీ అడుగుతాం. కఠినంగా అనిపిస్తుంది గానీ తేదీ దాటిపోయాక మనం చేసేది ఓదార్పే.

అప్పటిదాకా మాట్లాడని ఆయన భార్య అప్పుడు సంచీలో చెయ్యి పెట్టి గోడ క్యాలెండర్ తీసింది. ప్రతి ఇంట్లో ఉండేదే, తిథులూ వర్జ్యాలూ ఉన్నది. వాళ్ళకి నాలుగు గేదెలు. ఏ ఇంటికి ఎన్ని లీటర్లు పోసిందో గళ్ళలో పెన్సిలుతో రాసుకుంటుంది. జనవరిలో భోగికి ఐదు రోజుల ముందు గడిలో, అర లీటరు లెక్క కింద, వంకరటింకరగా "గెడ్డ నురగ. గేదె తాగనేదు" అని ఉంది. ఆ తర్వాత పదకొండు గళ్ళలో ఉత్తి "నురగ". నేను లేచి ఆవిడకి దణ్ణం పెట్టానంటే నమ్మండి. లెక్క వేస్తే గడువుకి సరిగ్గా పంతొమ్మిది రోజులుంది.

ఆ పంతొమ్మిది రోజుల్లో ఏం చేశామంటే, సమాచార హక్కు కింద అడిగితే 30 రోజులు పట్టొచ్చు కాబట్టి అది ఒక పక్క పెట్టి, ఫ్యాక్టరీకి ఇచ్చిన సీఎఫ్ఓ, అంటే నడపడానికి ఇచ్చే అనుమతి, అందులో ఏ షరతులున్నాయో దొరికినంత సంపాదించాం. చెన్నైలో అంతా ఇంగ్లీషే కాబట్టి క్యాలెండర్ని కూడా అనువదించాలి. "గేదె తాగనేదు" అన్నదాన్ని ఇంగ్లీషులో పెడితే ప్రాణం పోయింది. నీళ్ళు వాసన చూసి గేదె మొహం తిప్పుకుందంటే మనకి అర్థమైనంత ఏ అఫిడవిట్టుకీ అర్థం కాదు. పరిహారం అడగని దరఖాస్తుకి ఫీజు 1000 రూపాయలు. అడిగితే అడిగిన దాంట్లో ఒక శాతం కట్టాలి.

కొన్నిసార్లు ఎవరూ వెళ్ళకుండానే ట్రిబ్యునలే వస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున మన ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది, 12 మంది పోయారు. మర్నాడే, మే 8న, ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుని 50 కోట్లు డిపాజిట్ చెయ్యమంది. ఆ మొదటి ఉత్తర్వులో 'స్ట్రిక్ట్ లయబిలిటీ' (తప్పు రుజువు కాకపోయినా నష్టానికి బాధ్యతే) అని రాస్తే మా బార్‌లో పెద్ద చర్చ. స్ట్రిక్ట్‌లో దైవఘటన లాంటి మినహాయింపులుంటాయి. ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన కేసులో 1986లోనే సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పరిశ్రమలకి ఆ మినహాయింపులు వర్తించవు, బాధ్యత 'అబ్సొల్యూట్' అనేసింది. జూన్ 1 ఉత్తర్వులో ఆ మాట కూడా వచ్చింది. ఒక్క మాటకి ఇంత గొడవా అనకండి, మా బతుకంతా ఆ ఒక్క మాటల మీదే. అసలు తనంతట తాను కేసు తీసుకునే అధికారం ట్రిబ్యునల్‌కి ఉందా అన్నది 2021 అక్టోబరులో గానీ సుప్రీంకోర్టు తేల్చలేదు, ఉందనే తేల్చింది.

అన్నీ ట్రిబ్యునల్‌కే పోవు. అరకు రైల్లో వెళ్తూ బొర్రా గుహల దగ్గర దిగి మొక్కజొన్న పొత్తులు తింటాం కదా, ఆ అనంతగిరి మండలంలో గిరిజనుల భూములు మైనింగుకి లీజులిచ్చారని సమత అనే సంస్థ కోర్టుకెక్కితే, 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకి లీజులు చెల్లవంది. ప్రభుత్వం కూడా ఆ భూముల చట్టంలో 'వ్యక్తే'నంది, అంటే సర్కారు కూడా ఇవ్వకూడదని. మనం 1/70 అంటామే, గిరిజనుల ప్రాంతంలో భూములు గిరిజనేతరుల చేతికి వెళ్ళకూడదనేది, ఆ నిబంధన మీద నడిచిన కేసు. మా సీనియర్‌గారు ఇప్పటికీ జూనియర్లతో ఆ తీర్పు బిగ్గరగా చదివిస్తారు.

అదే సీనియర్‌గారు కంపెనీల తరఫున కూడా వాదిస్తారు, నేనూ ఫైళ్ళు మోశాను. దాచడం ఎందుకు, ఇల్లు గడిచేది వాటితోనే. పైగా అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది, కమిటీ తనిఖీకి వస్తోందన్న కబురు కమిటీ కంటే ముందు ఎలా చేరుతుందో. మా కేసులోనూ ట్రిబ్యునల్ జాయింట్ కమిటీ వేసింది. వాళ్ళు వచ్చిన రోజు గెడ్డలో నీళ్ళు తేటగా, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. కానీ ఒడ్డున మట్టి తవ్వించి ఆ మడ్డిని కూడా పరీక్షకి పంపమని పట్టుబట్టాం. నీళ్ళు కొట్టుకుపోతాయి, మడ్డి అంత తొందరగా పోదు. రిపోర్టు రావాలి. వాయిదా వచ్చే నెల, వీడియోలోనే.

ఈలోగా ఆ పెద్దావిడ వారానికోసారి ఫోన్ చేస్తోంది, కేసు గురించి కాదు. "బాబూ, నా క్యాలెండర్ ఎప్పుడిస్తావు? పాల బాకీలన్నీ అందులోనే ఉన్నాయి." ట్రిబ్యునల్ అడిగితే అసలుదే చూపించాలమ్మా అని చెప్పి పన్నెండు పేజీలూ ఫొటోలు తీసి ఆవిడ మనవడికి వాట్సాప్ చేశాను. నిన్న మళ్ళీ ఫోన్. రెండిళ్ళవాళ్ళు బాకీ ఒప్పుకోవట్లేదట, ఫొటో చెల్లదు, అసలుది పట్రమ్మంటున్నారట.