డిక్కీలో పడున్న జాకీ, స్పానర్‌ని నమ్మచ్చా? టైరు మార్చి చూద్దాం

నమస్తే అండీ. ఈసారి కొత్త వస్తువు రివ్యూ కాదు. కారు కొన్నప్పటి నుంచీ డిక్కీలో కార్పెట్ కింద పడి ఉంటాయి చూడండి, జాకీ, ఎల్ స్పానర్, స్టెప్నీ, వాటిని బయటికి తీశాను. నేను విడిగా కొన్నవి రెండే: గాలి చూసుకునే గేజ్, లాగితే పొడుగయ్యే స్పానర్.

ముందు స్టెప్నీకి గేజ్ పెట్టాను. ఎంతుందో చూడండి... 14 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). ఉండాల్సింది 33. అంటే ఇన్నాళ్లూ నేను ధీమాగా మోసుకు తిరిగింది ఇంకో ఫ్లాట్ టైరునే! ఈ గేజ్‌కి నేనిచ్చే మార్కులన్నీ ఈ ఒక్క అంకె కోసమే.

ఆ 33 ఎక్కడిదంటారా? డ్రైవర్ డోర్ తెరిస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో చూశాను. మీ కారుకు వేరే అంకె ఉండొచ్చు. టైరు పక్కన అచ్చు వేసిన అంకె చూసి గాలి కొట్టకండి, అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. చూసేది కూడా పొద్దున్నే, బండి తీయకముందు. నాలుగు కిలోమీటర్లు తిరిగొస్తే టైరు వేడెక్కి గాలి ఎక్కువ చూపిస్తుంది. మీ స్టెప్నీ మామూలు టైరు కన్నా సన్నగా ఉందా? అయితే దాని మీదే రాసి ఉంటుంది చదవండి. చాలావాటికి 60 పీఎస్ఐ కావాలి, 80 కిలోమీటర్ల స్పీడు దాటకూడదు.

గేజ్ చేతిలో ఉండగానే మిగతా టైర్లూ ఒక చుట్టు చూసేశాను. గాడుల మధ్య చిన్న దిమ్మలుంటాయి, అరుగుదల వాటి దాకా వస్తే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, టైరు పని అయిపోయింది. పక్కగోడ ఎక్కడైనా ఉబ్బిందంటే లోపల దారాలు తెగాయి, దానికి రిపేరు లేదు. టైరు పక్కన ఇంగ్లిష్‌లో డాట్ (DOT) అని ఉన్న వరసలో చివరి నాలుగంకెలు తయారీ తేదీ. నాది 2319, అంటే 2019లో 23వ వారం. గాడులు బాగానే ఉన్నా వయసైపోయింది పాపం.

ఇక అసలు పరీక్ష. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టి, ఎత్తబోయే చక్రానికి ఎదురు మూలన ఉన్న చక్రం కింద రాయి పెట్టాను. కార్లో ఎవరూ ఉండకూడదు, నిద్రపోతున్న పిల్లలు కూడా. బండి ఎత్తకముందే నట్లు ఒక్కో అర చుట్టు వదులు చేయాలి. ఎత్తాక చేద్దామంటే చక్రం తిరిగిపోతుంది, మన ఊపుకు బండి జాకీ మీద నుంచి జారినా జారుతుంది.

ఇక్కడే కంపెనీ స్పానర్ చేతులెత్తేసింది. కిందటిసారి టైర్ల షాపులో గాలి గన్నుతో బిగించారు. బిగించడం కాదు, బిగదీసేశారు. ఈ స్పానర్ పొడవు జానెడు, సుమారు 25 సెంటీమీటర్లు. 100 న్యూటన్ మీటర్లకు (బిగింపు బలాన్ని ఇలా కొలుస్తారు) బిగించిన నట్టు విప్పాలంటే దీని కొసన దాదాపు 40 కిలోల బలం పెట్టాలి. 50 సెంటీమీటర్ల స్పానర్‌తో అయితే 20 చాలు. మా షాపు వాళ్లు 100 దగ్గర ఆపితే కదా! స్పానర్ మీదికెక్కి తొక్కేవాళ్లను చూశాను, జారితే మోకాలు పోతుంది. పొడుగు స్పానర్ పెడితే, ఇదిగో, చిన్న చప్పుడుతో వచ్చేసింది. నా వరకు కొనాల్సిన వస్తువు ఇదొక్కటే.

జాకీకి వంక పెట్టను. తలుపు కింది అంచులో రెండు నొక్కులు కనిపిస్తాయి, వాటి మధ్య పెట్టాలి. వేరేచోట పెడితే రేకు లోపలికి పోతుంది. కానీ ఇది టైరు మార్చడానికి మాత్రమే, బండి కింద దూరడానికి కాదు. స్టెప్నీని ముందే బండి కింద పడుకోబెట్టాను. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. చక్రం ఊడాక ఊడినదాన్ని కిందకు తోసి, స్టెప్నీని పైకి తీశాను.

నట్లు ముందు చేత్తోనే ఎక్కించండి, ఏటవాలు వైపు చక్రానికి. మరలకు నూనె రాయొద్దు. బండి దించాక, ఒకదానికి ఎదురుగా ఉన్నది బిగిస్తూ పోవాలి. వరసగా బిగిస్తే చక్రం ఒకవైపే కూర్చుంటుంది.

మొత్తం 35 నిమిషాలు పట్టింది, అందులో పదిహేను ఆ మొదటి నట్టుతోనే. స్టెప్నీకి గాలి కొట్టించుకుని, 60 కిలోమీటర్లు తిరిగొచ్చి మళ్లీ స్పానర్ పెట్టి చూశాను. నాలుగు నట్లు కదల్లేదు. ఐదోది పావు చుట్టు తిరిగింది.