కొట్టం నీళ్లతో పోతున్న యూరియా

యాంకర్: మిర్యాలగూడ దగ్గరి నుంచి ఒక పాడి రైతు లైన్‌లో ఉన్నారు. చెప్పండన్నా.

రైతు: నమస్తే సార్. ఇరవై బర్రెలున్నాయి. కొట్టం కడిగిన నీళ్లు, రోజుకు మూడు వేల లీటర్ల దాకా, గుంతలోకి పోతాయి. దగ్గరికి పోతే కండ్లు మండుతున్నాయి. నేపియర్ గడ్డికి పారిస్తే ఒక మడి మొత్తం మాడిపోయింది. ల్యాబ్‌లో చూపిస్తే అమ్మోనియా నైట్రోజన్ లీటరుకు 800 మిల్లీగ్రాములన్నారు. పక్కోళ్లు సున్నం వేయమంటున్నారు.

నిపుణుడు: సున్నం మాత్రం వేయకండి. మీ గుంతలో ఉన్నది ఎక్కువగా అమ్మోనియం, నీళ్లలో కరిగి ఉంటుంది. సున్నం పడి పీహెచ్, అంటే నీళ్ల క్షార గుణం కొలత, పెరిగితే అదే అమ్మోనియా గ్యాసై లేస్తుంది. పీహెచ్ 7 దగ్గర గ్యాస్ రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు, 9 దాటితే మూడో వంతుకు పైనే. కండ్ల మంట ఇంకా పెరుగుతుంది, ఎరువూ గాలికి పోతుంది.

రైతు: ఎరువా సార్?

నిపుణుడు: లెక్క చూడండి. 800 చొప్పున మూడు వేల లీటర్లంటే రోజుకు 2.4 కిలోల నైట్రోజన్. యూరియాలో నైట్రోజన్ 46 శాతం కాబట్టి అయిదు కిలోల యూరియాకు పైమాటే. తొమ్మిది రోజులకు ఒక 45 కిలోల బస్తా! యూరియా కోసం లైన్లో నిలబడే మన రైతుకు ఇది చిన్న విషయం కాదు.

రైతు: మరి గడ్డి ఎందుకు మాడింది?

నిపుణుడు: నేరుగా పారించారు కదా, అంత ఘాటు వేర్లు తట్టుకోలేవు. బోరు నీళ్లలో నాలుగో వంతుకు మించకుండా కలిపి, సాయంత్రం పూట కాలువలో పారించండి, ఆకుల మీద పడొద్దు. ముందు ఒక్క మడికే పెట్టి చూడండి. గుంత మీద టార్పాలిన్ కప్పండి. మూత్రంలోని యూరియాను అమ్మోనియంగా మార్చే ఎంజైమ్ పెండలో ఉంటుంది, అందుకే పెండను ముందే ఎత్తి, మూత్రం వేరే మోరిలో పోయేలా నేలకు వాలు పెట్టండి. పెండకుప్ప మీద కొంచెం సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లితే అమ్మోనియా కొంత ఆగుతుంది. చెరువులోకి మాత్రం వదలొద్దు, చేపలు చస్తాయి. ఫ్యాక్టరీలు బయటి నీళ్లలోకి వదిలేదానికే అమ్మోనియా నైట్రోజన్ లీటరుకు 50 మిల్లీగ్రాములనే హద్దు ఉంది.

యాంకర్: మర్రిగూడ నుంచి ఇంకో అక్క.

కాలర్: తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే నల్గొండ టెక్నిక్ ఉంది కదా సార్, అది దీనికి పనికొస్తుందా?

నిపుణుడు: రాదమ్మా. పటిక గడ్డలు కట్టినప్పుడు ఫ్లోరైడ్ వాటికి అంటుకుని అడుగుకు దిగుతుంది. అమ్మోనియం అలా అంటుకోదు, నీళ్లలోనే ఉండిపోతుంది. పెద్ద ప్లాంట్లలో సున్నంతో పీహెచ్‌ను 11 దాకా పెంచి, టవర్‌లో గాలి ఊది, లేచిన గ్యాస్‌ను సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పట్టుకుంటారు. అది అమ్మోనియం సల్ఫేట్ ఎరువవుతుంది. యాసిడ్‌తో పని కాబట్టి అది ఇంటి దగ్గర చేసేది కాదు.