సెరెవి ఆట వేరు, సెరెవి కోచింగ్ వేరు

[దృశ్యం: కోనసీమలో ఒక హైస్కూల్ గ్రౌండు. సాయంత్రం. పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు.]

నమస్కారమండి. మన వైపు సాయంత్రం గ్రౌండుకెళ్తే క్రికెట్ ఉంటుంది, వాలీబాల్ ఉంటుంది, కబడ్డీ సరేసరి. రగ్బీ బంతి మాత్రం కనిపించదు. అయినా ఈ వీడియో రగ్బీ గురించే. ఎందుకంటే 2024లో మన దేశం రగ్బీ సెవెన్స్, అంటే ఏడుగురు ఆడే రగ్బీ, జట్లకి, అబ్బాయిలకీ అమ్మాయిలకీ కలిపి, ఒకాయన్ని హెడ్ కోచ్‌గా తెచ్చుకుంది. పేరు వైసాలే సెరెవి, దేశం ఫిజీ. సెవెన్స్‌లో ఇంతటి మొనగాడు ఇంకొకడు పుట్టలేదనేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

[స్క్రీన్‌పై మ్యాప్: గోదావరి డెల్టా, మద్రాసు, ఫిజీ]

ఫిజీ మనకి మరీ తెలియని దేశమేం కాదు లెండి. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఓడలెక్కించి కూలీలను అక్కడి చెరకు తోటలకి పంపారు. అయిదేళ్ల ఒప్పందం. వాళ్లలో గోదావరి, కృష్ణా, విశాఖ జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. అయితే అక్కడ స్థిరపడిన భారతీయుల పిల్లలు ఎక్కువగా ఫుట్‌బాల్ వైపు వెళ్లారు. రగ్బీ అక్కడి మూలవాసుల ఆటగా నిలిచింది.

[స్క్రీన్‌పై: 7 మంది, 14 నిమిషాలు]

రూల్స్ గబగబా చెప్పేస్తాను. జట్టుకి ఏడుగురు. ఏడేసి నిమిషాల రెండు భాగాలు. బంతి పట్టుకుని ఎటైనా పరిగెత్తొచ్చు, చేత్తో మాత్రం ముందుకి విసరకూడదు. ఎదుటి జట్టు వైపు చివరి గీత దాటి బంతిని నేలకి తాకిస్తే ట్రై, 5 పాయింట్లు. ఆ తర్వాత గోల్ కర్రల మధ్య నుంచి కిక్ పడితే ఇంకో 2. గ్రౌండు సైజు మాత్రం పదిహేనుమంది ఆడే రగ్బీకి ఉన్నంతే. అందుకే ఇందులో ఖాళీ ఎక్కువ, దమ్ము ఎక్కువ కావాలి.

[దృశ్యం: కబడ్డీ రైడర్ కాలు స్లో మోషన్‌లో]

సెరెవి 1968లో పుట్టారు. మనిషి పొట్టి, అయిదడుగుల ఏడంగుళాలు. ఆయన ఆట అర్థం కావాలంటే మంచి రైడర్‌ని చూడండి. ఎడమకి వెళ్తున్నట్టు కాలేస్తాడు, పట్టేవాడి బరువు అటు పడగానే కుడికి జారుకుంటాడు. సెరెవి అదే పని పూర్తి పరుగులో, చేతిలో బంతితో చేసేవారు. 1995లో రగ్బీ యూనియన్, అంటే ఆ పదిహేనుమంది రగ్బీ, డబ్బు తీసుకుని ఆడే ప్రొఫెషనల్ ఆట అయ్యాక ఇంగ్లండ్‌లో లీసెస్టర్‌కి, ఫ్రాన్స్‌లో మోంట్ ద మార్సాన్‌కి ఆడారు. కానీ పేరంతా సెవెన్స్‌లోనే. 1997లో హాంకాంగ్‌లో ప్రపంచ కప్ ఫైనల్, దక్షిణాఫ్రికా మీద 24–21. కెప్టెన్ ఆయనే. 2005లో మళ్లీ హాంకాంగే, ఈసారి న్యూజిలాండ్ మీద 29–19. అప్పటికి ఆయనకి 36 ఏళ్లు! ఆ వయసులో సెవెన్స్ ఆడటమంటే మాటలు కాదు.

ఆ వెంటనే ఆడుతూనే కోచ్ కూడా అయ్యారు. 2005–06 వరల్డ్ సిరీస్, అంటే ఏడాది పొడవునా దేశదేశాల్లో జరిగే సెవెన్స్ టోర్నీల వరస, ఫిజీదే. అప్పటిదాకా జరిగిన ఆరు సిరీస్‌లూ న్యూజిలాండే గెలిచింది, కాబట్టి చిన్న విషయం కాదు. కానీ కోచ్ కుర్చీ ఎంత మెత్తగా ఉంటుందో అంత జారుడుగా ఉంటుంది. 2009 ప్రపంచ కప్ ఇంకొన్ని వారాలుందనగా ఆయన్ని తప్పించారు.

[యాంకర్ కెమెరా ముందు]

ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను. ఫిజీకి మొదటి ఒలింపిక్ పతకం తెచ్చిన కోచ్ సెరెవి కాదు, బెన్ ర్యాన్ అనే ఇంగ్లీషాయన. ఆటగాడిగా ఆయనకి అంత పేరేం లేదు. 2013లో వచ్చారు, ఫిట్‌నెస్ మీద, తిండి మీద పడ్డారు. 2016 రియో ఫైనల్లో ఫిజీ బ్రిటన్‌ని 43–7తో చిత్తు చేసింది. అక్కడివాళ్లు ఆయనకి మూడెకరాల భూమి ఇచ్చారు. మన డెల్టాలో మూడెకరాలంటే ఏంటో మీకు నేను చెప్పాలా? పైగా 2017లో ఏడు డాలర్ల నోటు వేసి, ఆటగాళ్లతో పాటు కోచ్ బొమ్మా అచ్చేశారు.

అంటే గొప్ప ఆటగాడు కోచ్‌గా పనికిరాడనా? అదీ కాదు. బ్యాడ్మింటన్‌లో మన అమలాపురం సాత్విక్‌నే తీసుకోండి. చిరాగ్‌తో కలిసి 2023లో ప్రపంచ నంబర్ వన్ అయినప్పుడు వాళ్ల కోచ్ మథియాస్ బో. ఆయన 2012 లండన్ ఒలింపిక్స్‌లో డెన్మార్క్‌కి డబుల్స్ వెండి పతకం తెచ్చినవాడు. రియోలో ఫిజీ కెప్టెన్ ఓసియా కోలినిసావు కూడా 2024 పారిస్‌కి కోచ్‌గా వెళ్లి వెండి పతకంతో వచ్చారు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పుట్టుకతో వచ్చిన ఆటని విడగొట్టి చెప్పడం కష్టం. "ఎలా తప్పించుకున్నారు సార్?" అంటే "ఖాళీ కనిపించింది, వెళ్లిపోయాను" అనేస్తారు. నేర్చుకునేవాడికి అది సరిపోదు. ఎదుటివాడి ఏ భుజం వైపు పరిగెత్తాలి, వాడి నడుము ఎటు తిరిగినప్పుడు కాలు నాటాలి, ఎన్ని అడుగుల దూరంలో వేగం తగ్గించాలి, ఇవన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పాలి.

నాకైతే సెరెవి కోచింగ్‌లో అసలు ఆసక్తికరమైన భాగం పదవి పోయిన తర్వాతే మొదలైంది. అమెరికాలోని సియాటిల్ చేరి, పిల్లలకీ కొత్తవాళ్లకీ రగ్బీ నేర్పే సంస్థ పెట్టారు. ఫిజీలో చిన్న పిల్లాడు కూడా ప్లాస్టిక్ సీసాని బంతి చేసుకుని ఆడతాడు, వాడికి మొదటి పాఠం అక్కర్లేదు. సియాటిల్‌లో కావాలి. మన దగ్గర ఇంకా కావాలి. మనవాళ్లలో చాలామంది కబడ్డీ నుంచో, అథ్లెటిక్స్ నుంచో వచ్చి, కాస్త పెద్దయ్యాకే ఈ బంతి పట్టుకుంటారు. 2025లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా మొదలైంది, అందులో హైదరాబాద్ హీరోస్ అని ఒక జట్టుంది. చూసేవాళ్లు పెరుగుతారు, సరే. నేర్పేవాళ్లు పెరగాలి కదండీ.

[దృశ్యం: ఇసుకలో ముగ్గురు పిల్లలు, ఒక బంతి]

మీ ఊళ్లో పీఈటీ మాస్టారు ఉంటే ఈ ముక్క చూపించండి. ఇద్దరు దాడికి, ఒకరు అడ్డుకి. బంతి ఉన్నవాడు నేరుగా అడ్డుగా ఉన్నవాడి మీదకే వెళ్లాలి, వాడు తన మీదకి వచ్చేదాకా ఆగి పక్కవాడికి ఇవ్వాలి. ముందే ఇస్తే అడ్డుగా ఉన్నవాడు అటు తిరిగిపోతాడు, ఆలస్యమైతే దొరికిపోతారు. మొదట్లో టాకిల్, అంటే పట్టి పడెయ్యడం, వద్దు, రెండు చేతులతో తాకితే చాలు. సార్వా కోత అయ్యాక చేలో ఆడదామంటే వెంటనే దాళ్వా నాట్లు పడిపోతాయి కాబట్టి ఖాళీ చేను కోసం చూడకండి. అంతర్వేది, ఓడలరేవు ఇసుక ఉండనే ఉంది. పడ్డా దెబ్బ తక్కువే.