పోస్ట్‌గ్రెస్ కమిట్‌ఫెస్ట్ రివ్యూ: ప్యాచ్‌ల కుప్ప కరుగుతోందా, వాయిదా పడుతోందా?

అందరికీ నమస్కారం అండి. ఈసారి టేబుల్ మీద పెట్టి చూపించడానికి వస్తువేం లేదు. ఒక పద్ధతిని రివ్యూ చేస్తున్నాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తయారుచేసేవాళ్లు తమకొచ్చే ప్యాచ్‌ల, అంటే కోడ్‌లో చేయమని జనం పంపే మార్పుల, రద్దీని తట్టుకోవడానికి పెట్టుకున్న పద్ధతి, పేరు కమిట్‌ఫెస్ట్. "పుల్ రిక్వెస్ట్ పెట్టి నెలలైంది అన్నా, ఎవరూ పట్టించుకోవట్లేదు" అని మీలో చాలామంది రాస్తుంటారు కదా. పుల్ రిక్వెస్ట్ అంటే గిట్‌హబ్ అనే కోడ్ సైట్‌లో "నా మార్పు తీసుకోండి" అని పెట్టే అర్జీ. దాన్ని చూసి తీసుకోవాల్సిన, అవతల గట్టున కూర్చున్నవాళ్లకు ఏం కనిపిస్తుందో ఇవాళ చూద్దాం.

ముందు సంగతేంటో చెప్తాను. పోస్ట్‌గ్రెస్‌లో గిట్‌హబ్ పుల్ రిక్వెస్టులు తీసుకోరు. ప్యాచ్ ఫైలును ఈమెయిల్‌కి జతచేసి పంపాలి. అసలు రిపాజిటరీలోకి కోడ్ ఎక్కించే హక్కున్న కమిటర్లు అటూఇటూగా ముప్పై మంది. ప్రపంచం మొత్తం నుంచి వచ్చే ప్యాచ్‌లు ఆ ముప్పై మంది చేతుల్లోంచే పోవాలి. వాళ్లకీ ఉద్యోగాలున్నాయి, సొంతంగా రాసుకునే ప్యాచ్‌లున్నాయి.

ఒకప్పుడు పరిస్థితి ఇంకా ఘోరం. 8.3 వెర్షన్ కోసం 2007 ఏప్రిల్‌లో ఫీచర్ ఫ్రీజ్ పెట్టారు, అంటే ఇక కొత్తవి తీసుకోం అన్నారు. వెర్షన్ బయటికొచ్చింది మాత్రం 2008 ఫిబ్రవరిలో. ఏడాది పొడుగునా పోగుపడ్డ ప్యాచ్‌లను చివర్లో ఒకేసారి ముందేసుకుంటే అంతే అవుతుంది మరి. ఆ దెబ్బతో తర్వాతి వెర్షన్ నుంచి పద్ధతి మార్చారు. ఇప్పుడు జులై, సెప్టెంబర్, నవంబర్, జనవరి, మార్చి, ఇలా ఏడాదికి ఐదు కమిట్‌ఫెస్టులు. ఒక్కోటి నెల. ఆ నెలంతా కొత్త కోడ్ రాయడం కాస్త పక్కనపెట్టి, ఉన్న ప్యాచ్‌లను చూడాలి. మార్చిది అయ్యాక ఏప్రిల్‌లో ఫ్రీజ్.

స్క్రీన్ మీద కమిట్‌ఫెస్ట్ వెబ్ పేజీ చూడండి, ప్రతి ప్యాచ్ పక్కన ఒక స్టేటస్ ఉంది. నీడ్స్ రివ్యూ అంటే చూసేవాళ్లు కావాలి. వెయిటింగ్ ఆన్ ఆథర్ అంటే బంతి రాసినవాళ్ల కోర్టులో ఉంది. రెడీ ఫర్ కమిటర్ అంటే రివ్యూ అయింది, ఇక కమిటర్ చూసుకోవాలి. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇదే. గిట్‌హబ్‌లో "ఓపెన్" అని ఆకుపచ్చ గుర్తు చూసి మీరేం చెప్పగలరు? ఇప్పుడు ఎవరి వంతో తెలియదు. ఇటువాళ్లు అటువాళ్ల కోసం, అటువాళ్లు ఇటువాళ్ల కోసం ఎదురుచూస్తూ ఆర్నెల్లు గడిచిపోతాయి.

రెండో మంచి విషయం, ఇచ్చిపుచ్చుకోవడం. మీరొక ప్యాచ్ పెడితే, దాదాపు అంతే బరువున్న ఇంకొకరి ప్యాచ్‌ని మీరు రివ్యూ చేయాలని అక్కడి ఆనవాయితీ. "నాకంత తెలీదండీ" అని తప్పించుకోవడానికీ లేదు. రివ్యూ ఎలా చేయాలో వాళ్ల వికీలో మెట్లుమెట్లుగా రాసిపెట్టారు. మొదటి మెట్టులో సీ కోడ్ చదవాల్సిన పనే లేదు. ప్యాచ్ తాజా కోడ్ మీద అతుక్కుంటోందా, దాంతోపాటు టెస్టులున్నాయా, డాక్యుమెంటేషన్ మార్చారా, ఇవి చూస్తే చాలు. తర్వాత ఫీచర్ చెప్పినట్టు పనిచేస్తోందా, ఆపైన వేగం, ఆపైన కోడ్ తీరు, ఆర్కిటెక్చర్. కాలేజీలో ఉన్నవాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, ఓపెన్ సోర్స్‌లోకి రావడానికి రీడ్‌మీలో స్పెల్లింగులు దిద్దడం కంటే ఇది వందరెట్లు మేలు. ఆ స్పెల్లింగ్ ప్యాచ్‌ని కూడా ఎవరో ఒకరు కూర్చుని చూడాలి కదా, కుప్పలో ఇంకొకటి చేరినట్టేగా!

ఇక సీఎఫ్‌బాట్. టామస్ మున్రో అనే కమిటర్ మొదలుపెట్టాడు. కమిట్‌ఫెస్ట్‌లో ఉన్న ప్రతి ప్యాచ్‌ని ఈ బాట్ తనంతట తానే తాజా కోడ్ మీద అతికించి, లినక్స్, విండోస్, మ్యాక్, ఫ్రీబీఎస్‌డీల మీద టెస్టులు నడుపుతుంది. అతుక్కోకపోతే రీబేస్ కావాలని, అంటే ప్యాచ్‌ని తాజా కోడ్‌కి తగ్గట్టు సరిచేయాలని చూపిస్తుంది. మొదట్లో ఇది వేరే సైట్‌లో ఉండేది, ఇప్పుడు ఫలితం కమిట్‌ఫెస్ట్ పేజీలోనే కనిపిస్తోంది. మనిషి అరగంట పెట్టి "ఇది అసలు బిల్డే అవట్లేదు" అని కనుక్కునే తిప్పలు తప్పాయి.

పొగడ్తలు ఇక్కడితో ఆపుతాను.

నెల అయిపోతుంది. కొన్ని ప్యాచ్‌లు కమిట్ అవుతాయి, అంటే అసలు కోడ్‌లో చేరిపోతాయి. మిగతావి? నియమం ప్రకారం ఒక్కోదానికీ తీర్పు చెప్పాలి. తిప్పి పంపడానికి రిటర్న్డ్ విత్ ఫీడ్‌బ్యాక్ ఉంది, వద్దనడానికి రిజెక్టెడ్ ఉంది. కానీ వాటి పక్కనే తర్వాతి కమిట్‌ఫెస్ట్‌కి జరిపేసే మార్గం కూడా ఉంది. మొహం మీద "వద్దు" అని ఎవరు చెప్తారు చెప్పండి? దాంతో మన సివిల్ కోర్టుల్లో లాగా వాయిదా మీద వాయిదా. జులైది సెప్టెంబర్‌కి, సెప్టెంబర్‌ది నవంబర్‌కి. జాబితా మూడు వందలు దాటిపోయింది. అందులో ఏది నిజంగా రివ్యూ కోసం చూస్తోంది, ఏది రాసినవాళ్లే వదిలేసింది, బయటనుంచి చూసేవాళ్లకు తెలియదు. స్టేటస్ నీడ్స్ రివ్యూ అనే ఉంటుంది, లోపలికెళ్తే అప్పటికే రెండుసార్లు రివ్యూ అయి, రాసినవాళ్లు జవాబివ్వకుండా ఉంటారు. ఇందాక నేను మెచ్చుకున్న స్టేటస్ అబద్ధం చెప్పడం మొదలుపెట్టాక మిగతాదంతా ఎందుకు పనికొస్తుంది?

కమిట్‌ఫెస్ట్ మేనేజర్ అని ఒక వాలంటీర్ ఉంటారు. ఆ నెలంతా మూడు వందల ప్యాచ్‌ల చర్చలు తెరిచి, ఎవరేమన్నారో చదివి, అందరినీ బతిమాలుకోవడం ఆయన పని. ఒకసారి చేసినవాళ్లు మళ్లీ ముందుకు రావాలంటే గట్టి గుండె కావాలి.

ఈ మాట నేనొక్కడినే అనట్లేదు. 2009లో మొదటి కమిట్‌ఫెస్ట్ ఆప్, అంటే ఈ జాబితా నడిపే వెబ్‌సైట్, రాసిన రాబర్ట్ హాస్, 2024 మే నెలలో, ఆ సైట్ ఇప్పుడు అనుకున్న పనికి సరిపోవట్లేదని బహిరంగంగానే రాశాడు. తను మొదలుపెట్టినదాని గురించి అలా చెప్పగలగడం, హ్యాట్సాఫ్.

ఇంకో సమస్య, గడువు దగ్గరపడితే వచ్చే తొందర. మెర్జ్ కమాండ్ (టేబుల్‌లో వరుస ఉంటే మార్చి, లేకపోతే చేర్చే ఆదేశం) కథ చూడండి. 2018 ఏప్రిల్‌లో, 11వ వెర్షన్ ఫ్రీజ్ ముంగిట కమిట్ చేశారు. డిజైన్ మీద అభ్యంతరాలు వచ్చాయి, అదే నెలలో వెనక్కి తీసేశారు. చివరికి అది జనం చేతికొచ్చింది 2022లో, 15వ వెర్షన్‌తో. మార్చి దాటితే మళ్లీ ఏడాది ఆగాలన్న భయం ఎంత మంచివాళ్లనైనా తొందరపెడుతుంది. అయితే కమిట్ అయినదాన్ని కూడా నిర్మొహమాటంగా వెనక్కి తీయగలిగారు చూడండి, ఆ ధైర్యానికి మాత్రం మార్కులు వేస్తాను.

హాస్ రాసిన తర్వాత ఆప్ మీద బాగానే పని జరిగింది. 2025లో వచ్చిన మార్పుల్లో నాకు ముఖ్యమైనవి రెండు. ఇంకా సగంలో ఉన్న ప్యాచ్‌లకు డ్రాఫ్ట్స్ అని వేరే చోటు ఇచ్చారు. మేనేజర్ మూకుమ్మడిగా అన్నిటినీ ముందుకు తోసేయడం మానేశారు. మీ ప్యాచ్ తర్వాతి కమిట్‌ఫెస్ట్‌లో ఉండాలంటే మీరే జరుపుకోవాలి. ఒక్క క్లిక్ పని, కానీ ఆ క్లిక్ కూడా చేయనివాళ్ల ప్యాచ్ కోసం ఇంకొకరు గంటలు ఎందుకు పెట్టాలి?

గిట్‌హబ్‌లో కదలిక లేని పుల్ రిక్వెస్టులను తనంతట తానే మూసేసే స్టేల్ బాట్ కూడా ఇదే చేస్తుంది కదా అంటారేమో. కాదండి. ఆ బాట్ మామూలు సెట్టింగుల్లో 60 రోజులు కదలిక లేకపోతే ముద్ర వేస్తుంది, ఇంకో 7 రోజులకు మూసేస్తుంది. ఆ 60 రోజులూ రివ్యూ చేయాల్సినవాళ్లే పలకకపోయినా శిక్ష పడేది రాసినవాళ్లకి. నాకు ఒళ్లు మండేది అక్కడే. కమిట్‌ఫెస్ట్‌లో ఏ నెలాఖరున జరుపుకోవాలో ముందే తెలుసు, మూసేముందు ఒక నెల రివ్యూకని కేటాయించి ఉంటుంది.

మార్కులు అడుగుతారు కాబట్టి, పదికి ఏడు. పాత వాయిదాల పద్ధతి అయితే ఐదు దాటి ఇచ్చేవాణ్ని కాదు. మీ ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్లు ఇద్దరు ముగ్గురే అయితే ఈ హంగామా అంతా నెత్తికెత్తుకోకండి, ఐదు కమిట్‌ఫెస్టులు నడపడానికే మీ శక్తి చాలదు. వెయిటింగ్ ఆన్ ఆథర్, నీడ్స్ రివ్యూ అని రెండు లేబుళ్లు పెట్టుకుని, మూడు నెలలకోసారి ఒక వారం కొత్త కోడ్ ఆపి, నీడ్స్ రివ్యూ ఉన్నవాటికి మాత్రం అవుననో కాదనో రాయండి. కాదన్నప్పుడు కారణం రెండు వాక్యాల్లోనైనా చెప్పండి. మీలో ఎవరైనా ఇప్పటికే ఇలా నడుపుతుంటే, "కాదు" అన్నాక అవతలివాళ్లు ఎలా తీసుకున్నారో కింద రాయండి, అది నిజంగా తెలుసుకోవాలనుంది.